కచేరీకి చదివింపులు

మొన్న మా కాలేజీలో బి.ఏ. సంగీతం చివరి ఏడాది చదివే అమ్మాయి ఒకతి నా గదిలోకి వచ్చి ఫోను చూపించింది. ఎక్కడో ఎవరో సంగీతం చదివే పిల్లల ప్రయాణాలకు, ప్రాజెక్టులకు డబ్బులిస్తున్నారట. "మేడమ్, నా ప్రాజెక్టు వల్ల సమాజానికి ఏం లాభమో రాయమంటున్నారు. ఏం రాయను?" అంది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆ పిల్ల బిక్కమొహం వేసింది. కూర్చోబెట్టి ఏదో రాయించి పంపించాను గానీ, ఆ సాయంత్రమంతా బెల్లం వాసన నా ముక్కుని వదల్లేదు.

ఎందుకంటే మా రోజుల్లో, అంటే తొంభైల్లో, తిరుపతిలో సంగీతం చదివే పిల్లలు పోటీకి పోవాలన్నా, క్యాసెట్టు చేసుకోవాలన్నా, పైఊళ్ళో నాలుగు రోజులుండి ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలన్నా అర్జీ పెట్టుకునే చోటు ఒక్కటే. అది ఒక బెల్లం మండీ. అక్కడ అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "పాపా, నువ్వు పాడేది ఎంతసేపట్లో అయిపోతాది?"

ఆయనకు పేరుండేది. మండీ బోర్డు మీద ఎర్రరంగుతో రాసి కూడా ఉండేది. మేమెవరమూ ఆ పేరుతో పిలవలేదు. మాకు ఆయన చదివింపుల మామ. చిత్తూరు వైపు గానుగల నుంచి బెల్లం తెప్పించి తిరుపతిలో అమ్మేవాడు. పొట్టి మనిషి, బాన కడుపు, తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఆ తువ్వాలు చుట్టూ ఎప్పుడూ నాలుగు ఈగలు. ఎవరు కనబడినా వేలితో బెల్లం ముక్క విరిచి చేతిలో పెట్టేవాడు. కచేరీకి ముందు పెడితే గొంతు జిగటగా అవుతుందని మేం మొత్తుకునేవాళ్ళం. "బెల్లం తిని సెడిపోయిన గొంతు నేను సూడలా. తిను," అనేవాడు. ఆయన ఎదురుగా తినక తప్పేది కాదు.

సంగీతం గురించి ఆయనకు తెలిసింది సున్నా. ఇది నేను గౌరవంతోనే చెబుతున్నాను. తంబుర శ్రుతి చేసుకోవడం అయిపోగానే అదే మొదటి పాటనుకుని చప్పట్లు కొట్టేవాడు. అసలు పాట మొదలయ్యేసరికి ముందు వరసలో గురక మొదలయ్యేది. మంగళం పాడేటప్పుడు ఎలా తెలిసేదో గానీ, ఠక్కున లేచి తువ్వాలు దులుపుకుని, "శానా బాగుండాది. నేను అంతా విన్నా," అనేవాడు. ఆ అబద్ధానికి మేం ఎవరమూ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఆయన అసలు సరదా పెళ్ళిళ్ళలో చదివింపుల మైకు పట్టుకోవడం. బంధువుల పెళ్ళి కావచ్చు, బెల్లం కొనేవాడి పెళ్ళి కావచ్చు, తిరుచానూరు మంటపాల్లో తాళి కట్టడం అయ్యిందంటే ఆయన గొంతు లేవాల్సిందే. "పాకాల మేనమామ గారు పెండ్లికొడుక్కి సదివించినదీ..." అని దీర్ఘం తీసి, కాసేపు ఆగి, పంక్తిలో కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పాక, "నూటపదార్లూ!" అనేవాడు. ఆ గొంతులో తన పేరు విన్నవాడు ఒక జానెడు పొడుగయ్యేవాడు. కవర్లో తక్కువ పెట్టినవాడు సిగ్గుపడి, వెనక్కి వచ్చి ఇంకొంచెం చదివించి పోయేవాడు.

ఈ పెళ్ళిళ్ళ మనిషి మా జోలికి ఎలా వచ్చాడంటే, మండీ పైగదిలో మా వయొలిన్ కుర్రాడు ఒకడు అద్దెకు దిగాడు. పొద్దున లేచింది మొదలు వాడు ఒకటే వరసను సాధన చేసేవాడు. వారం ఓపిక పట్టి మామ మెట్లెక్కి పోయి, "ఏమప్పా, వారం నించీ రిపేరు జేస్తా ఉండావు, అది ఇంకా బాగు కాలేదా?" అని అడిగాడట. వాడు ఏడవలేక నవ్వి, ఇది రిపేరు కాదని, బెజవాడలో పోటీ ఉందని, పోవడానికి చేతిలో పైసా లేదని చెప్పుకున్నాడు.

"మరి సదివింపులు పెట్టుకోలేదా?"

"పెళ్ళి కాదు కదా మామా, పోటీ."

"పెండ్లికి సదివిస్తే పిలకాయలు పుడతారు. దీనికి సదివిస్తే ఏం పుడతాదో సూద్దాం," అన్నాడు మామ.

అలా మొదలైంది. ముహూర్తాలు లేని రోజు చూసి తిరుచానూరులో తెలిసినవాళ్ళ మంటపం ఊరికే అడిగి తీసుకునేవాడు. వచ్చే ప్రయాణానికి డబ్బు కావలసిన పిల్ల లేదా పిల్లవాడు కచేరీ చేస్తే, పక్కన మామ మైకు పట్టుకుని చదివింపులు చదివేవాడు. మా లెక్చరర్లలో కొందరికి ఇది గిట్టలేదు. సరస్వతిని సంతలో పెడతారా అని ఒకాయన మండీకి వచ్చి మరీ అడిగాడు. మామ ఆయన చేతిలోనూ ఒక ముక్క పెట్టి, "గోదాములో దాసిపెడితే బెల్లం సీమలకే గదయ్యా," అన్నాడు. ఆ లెక్చరరు గారు ముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

నా వంతు చివరి ఏడాదిలో వచ్చింది. మద్రాసులో డిసెంబరు కచేరీల కాలంలో ఒక సభవాళ్ళు మధ్యాహ్నం పూట కొత్తవాళ్ళతో పాడిస్తారు. మా టీచరు నా పేరు పంపితే ఒప్పుకున్నారు. వయొలిన్, మృదంగం వాళ్ళను మేమే తీసుకుపోవాలి, రానుపోను ఖర్చులు, బస అన్నీ మావే. ఏర్పేడు పక్కన మా ఊళ్ళో ఆ ఏడు వేరుశనక్కాయ పంట పోయింది. నాయన ఏమీ దాచకుండా చెప్పాడు. "పాట మంచిదే పాపా. నా కాడ ఈ పొద్దు ఏమీ లేదు." ఆ సభలో ఒకసారి పాడినవాళ్ళని మళ్ళీ మళ్ళీ పిలుస్తారు, పోనివాళ్ళని ఇంక ఎప్పుడూ పిలవరు. చదువైపోయాక నేను పాటగత్తెనవుతానా, లేక వంటింట్లో కూనిరాగాలు తీసుకుంటానా అన్నది ఆ ఒక్క మధ్యాహ్నం మీదే ఆధారపడి ఉంది. కనీసం ఆ వయసులో నేను అలాగే నమ్మాను. నమ్మి, మండీకి పోయాను.

నా చదివింపుల కచేరీ సంగతి ఇప్పటికీ మా మృదంగం అబ్బాయి దగ్గర ఎత్తితే వాడి చెవులు ఎర్రబడతాయి. చదివింపులని పిలిస్తే మావైపు జనం ఎలా వస్తారు? పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. స్టీలు బిందెలు తెచ్చారు. గోడ గడియారాలు తెచ్చారు. ఒక పెద్దావిడ నేను ఆలాపన చేస్తుండగా వేదికెక్కి నా తలమీద అక్షతలు వేసి, చేతిలో రవికగుడ్డ పెట్టి, అటూ ఇటూ చూసి, "పెండ్లికొడుకు ఈయనేనా?" అని మృదంగం అబ్బాయి తలమీద కూడా నాలుగు వేసింది. వాడు తాళం తప్పాడు. అక్షతలు మృదంగం మీద పడి, కొట్టినప్పుడల్లా ఎగిరాయి.

నేను పాడుతున్నది మామకు పట్టలేదు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా, నేను ఏ సంగతి మధ్యలో ఉన్నా, "రేణిగుంట సైకిలు షాపు వారు సంగీతం పాపకి సదివించినదీ..." అని మొదలయ్యేది. పాట ఆపి ఆయన ముగించేదాకా ఆగడం, మళ్ళీ వదిలిన చోట అందుకోవడం. చివరికి పాకాల దగ్గర మామిడితోపు ఉన్న ఒక పెద్దరైతు వచ్చి అందరికన్నా ఎక్కువ చదివించాడు. చదివించి, మైకు దగ్గరే నిలబడి, "నేను బోరు ఏయిస్తా ఉండా. తోపు ఎండిపోతా ఉండాది. ఆ పొద్దు ఈ పాప వచ్చి ఒక పాట పాడాల," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వాన కురిపించే రాగం ఉందంటారు గానీ బోరు పడేలా చేసే రాగం మా సిలబసులో లేదు. అయినా తలూపాను.

మా నాయన మాత్రం ఒక మూల బిందెల మధ్య దిగాలుగా కూర్చున్నాడు. చదివింపు అంటే ఊరికే వచ్చేది కాదు గదా. మనింట్లో చదివించినవాడి ఇంట్లో శుభకార్యమైతే మనమూ చదివించాలి. లేకపోతే ఊళ్ళో తలెత్తుకోలేం.

"ఇంతమందికి తిరిగి ఎట్ట పెట్టేదప్పా నేను?" అన్నాడు మామతో.

"నువ్వు పెట్టేదేంది? పాడింది పాప. పాపే పాడి తీరుస్తాది," అని మామ అప్పటికప్పుడే మైకులో ప్రకటించేశాడు. ఎవరింట్లో ఏ కార్యమైనా సరే, పిలిస్తే పాప వచ్చి పాడుతుందని.

అది ఆయన పెట్టిన నియమం. అందరు పిల్లలకూ అదే. దాంతో ఆ కొన్ని నెలలూ నేను చేసిన కచేరీలు ఏ సర్టిఫికెట్టులోనూ పట్టవు. నామకరణాలకు పాడాను. చెవులు కుట్టేటప్పుడు పాడాను, ఆ బిడ్డ ఏడుపు నా శ్రుతికి ఒక మెట్టు పైన ఉండేది. కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు తొక్కించేటప్పుడు పాడాను. నాయుడుపేటలో ఎస్టీడీ బూతు ప్రారంభానికి ఆ గాజుగదిలో నిలబెట్టి, కువైట్‌లో ఉన్న ఓనరు తమ్ముడికి రిసీవరులో పాడమన్నారు. నేను కళ్ళు మూసుకుని రాగం అందుకున్నాను. మామ మీటరు వైపు చూస్తూ అద్దం మీద టకటకా కొట్టాడు. "పల్లవితో ఆపు పాపా! కువైటు!"

ప్రతిచోటికీ ఆయన తోడు వచ్చేవాడు, ముందు వరసలో నిద్రపోయేవాడు. నేను విసుక్కుంటే, "ఈళ్ళ ముందర పాడినోళ్ళు యాడన్నా పాడతారు," అనేవాడు. అప్పుడు కోపం వచ్చేది. తర్వాత ఎన్ని వేదికలు ఎక్కినా జనం మాట్లాడుకుంటున్నారని, పిల్లలు ఏడుస్తున్నారని నేనెప్పుడూ తడబడలేదు.

డిసెంబరు వచ్చింది. మద్రాసుకు పోవలసిన ముందురోజు పాకాల నుంచి కబురు. తమిళనాడు బోరు లారీ దొరికిందట. రేపే వస్తుందట. రేపు కాదంటే ఆ లారీ ఇంకో ఊరికి పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, తోపు ఆగదు. కాబట్టి పాప వచ్చి పాడాలి.

నాయన ఇంకో ఆలోచన చెయ్యలేదు. "అందరికంటే ఎక్కువ సదివించినోడు. మాటిచ్చినాం. పోవాల్సిందే," అన్నాడు. మా అమ్మ మద్రాసు పొమ్మంది. నేను అన్నం మానేసి ఏడ్చాను. ట్రాక్టరు ముందు పాడినదాన్ని, ఫోనులో పాడినదాన్ని, నా జీవితంలో మొదటిసారి నిజమైన వేదిక దొరికితే, బోరుగుంట దగ్గర పాడమంటారా? నేను తిన్నగా మండీకి పోయి ఆ మాటే మామ మొహం మీద అడిగేశాను. ఇదంతా నీ నియమం వల్లే వచ్చిందని కూడా అన్నాను.

మామ బెల్లం దిమ్మను వేలితో కొడుతూ అడిగాడు.

"మద్రాసులో నీ పాట ఎన్ని గంటలకి?"

"రెండు గంటలకి."

"ఎంతసేపట్లో అయిపోతాది?"

"గంటంబావు."

"అయితే నువ్వు పో. బోరు సంగతి నేను సూసుకుంటా."

"మీరేం చేస్తారు మామా? పాడతారా?"

"పాడితే పాడతా. నోరు లేదా నాకు?" అని బెల్లం ముక్క విరిచి ఇచ్చాడు. ఆయన పాడటమన్న ఊహకే నాకు ఏడుపులో నవ్వొచ్చింది. పొద్దున్నే ఆయనే మమ్మల్ని మద్రాసు బస్సెక్కించి, నాయనతో కలిసి పాకాల బస్సు వైపు పోయాడు.

మద్రాసు సభలో హాలుకన్నా క్యాంటీనులో జనం ఎక్కువ. ముందు వరసల్లో కొద్దిమంది పెద్దవాళ్ళు కూర్చున్నారు. వేదిక మీద కూర్చోగానే నాకు ఒక చిత్రమైన భయం పట్టుకుంది. అంతా నిశ్శబ్దం. ఎవరూ బిందె తేవడం లేదు, ఎవరూ అక్షతలు వెయ్యడం లేదు. మోహన రాగం ఎత్తుకుని పైకి పోతూ, ఇప్పుడు ఎవరో ఆపుతారని ఆగబోయాను. ఎవరూ ఆపలేదు. ఆ రాగం చివరిదాకా పోవచ్చని అప్పుడు తెలిసింది. పోయాను. నా జీవితంలో అంత సంతోషంగా నేను మళ్ళీ పాడానో లేదో చెప్పలేను. అయిపోయాక సభ కార్యదర్శి వచ్చి, వచ్చే ఏడు కూడా రమ్మన్నాడు.

తిరిగొచ్చి బస్సు దిగి తిన్నగా మండీకే పోయాను. మామ గల్లాపెట్టె దగ్గర కూర్చుని దగ్గుతున్నాడు, గొంతు బొంగురుపోయి ఉంది.

"పాడినావా?"

"పాడాను మామా. మళ్ళీ రమ్మన్నారు. బోరు ఏమైంది?"

"పడింది," అన్నాడు. "మూడించీల నీళ్ళు. నీ పాటకే."

"నేను అక్కడ లేనే!"

"ఈడ లేకుంటే ఏం? ఆడ పాడితివి గదా," అని ఎవరో వస్తే బెల్లం తూచడానికి లేచాడు. ఏం పాడారు మామా అని అడిగితే చెప్పలేదు. నాయన్ని అడిగితే, "అంతా బాగా జరిగింది లేమ్మా," అని పశువుల దగ్గరికి పోయాడు.

నేను ఆ సంగతి దాచుకోలేదు. మద్రాసులో పాడితే పాకాలలో నీళ్ళు పడ్డాయని కాలేజీ అంతా చెప్పుకున్నాను. ఉద్యోగం వచ్చాక క్లాసులో చెప్పాను. ఒకసారి ఒక సన్మాన సభలో కూడా చెప్పాను, బాగా చప్పట్లు పడ్డాయి. ఒక్కటే నాకు అర్థం కానిది, ఆ తర్వాత ఎవరు బోరు వేస్తూ నన్ను పిలిచినా మామ పోనిచ్చేవాడు కాదు. "గృహప్రవేశానికి పిలవండి, బారసాలకి పిలవండి. బోర్లకి ఆ పాప రాదు," అని తెగేసి చెప్పేవాడు. నా విలువ పెంచుతున్నాడనుకుని మురిసిపోయాను.

కొన్నేళ్ళకు ఆయన పోయాడని వయొలిన్ అబ్బాయి ఫోను చేశాడు. చిత్తూరు పక్కన వాళ్ళ ఊళ్ళో దినాలకు పోయాం. ఎవరూ పిలవలేదు, అయినా మామ మైకు పట్టి బయటికి పంపిన పిల్లలందరూ వచ్చారు. ఒకడు రేడియోలో, ఒకతి బడిలో, ఒకడు గుళ్ళో, అందరం నడివయసుకు దగ్గరపడ్డాం. మామ భార్య మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుంటూ, "ఇంట్లో రేడియో పెడితే తలకాయ నొప్పి అనేవాడమ్మా. మీకోసం యాడికైనా పరిగెత్తేవాడు," అంది.

పందిట్లో ఆ తోపు పెద్దాయన కూడా కనిపించాడు. ముసలివాడైపోయాడు. నేనే గుర్తుచేసి, నమస్కారం పెట్టి, "తోపు బాగుందా పెదనాయనా? బోరులో నీళ్ళు ఇంకా ఉన్నాయా?" అని గొప్పగా అడిగాను.

ఆయన నా మొహం వైపు ఒక క్షణం చూసి పగలబడి నవ్వాడు. దినాల పందిరని గుర్తొచ్చి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"యాడి నీళ్ళమ్మా? పొడి దుమ్ము లేసింది! తోపు అప్పుడే పోయింది. ఆవుల్ని పెట్టుకోని పాలు పోస్తా ఉండా."

"మరి మూడించీల నీళ్ళు పడ్డాయని మామ చెప్పాడే?" అన్నాను.

"మీ మామ ఆ పొద్దు ఏం జేసినాడో నీకు ఎవురూ సెప్పలేదా?" అన్నాడాయన. "సామియానా వాళ్ళ మైకు బోరు కాడికి తెప్పించినాడు. రెండు గంటలు కొట్టిందాకా లారీ వాడిని మిషను ఆడించనియ్యలా. వాడు అరవంలో తిడతానే ఉండాడు. సరిగ్గా రెండుకి లేచి నిలబడి, 'ఏర్పేడు సంగీతం పాప ఈ తోపు అన్న బోరుకి సదివించినదీ...' అని పెండ్లిలో లాగా సాగదీసి, 'మద్రాసు కచ్చేరి ఒకటీ!' అన్నాడు. ఊరంతా సప్పట్లు కొట్టినాం. దాని తర్వాత మిషను ఆడతా ఉన్నంతసేపూ, గంటంబావు, ఆ దుమ్ములో నిలబడి మళ్ళీ మళ్ళీ అదే అరిసినాడు. ఎంత లోతుకి పోయినా సుక్క రాలేదు. అప్పుడు నన్నూ మీ నాయన్నీ పక్కకి పిలిసి, 'పాపకి సెప్పొద్దండ్రా. తన పాటకి నీళ్ళు పడలేదంటే ఆ గొంతు ఎండిపోతాది. ఇంకా శానా పాడాల్సిన పిల్ల,' అన్నాడు."

నాయన అప్పటికే పోయాడు. ఆయన కూడా పోయేదాకా ఈ మాట కడుపులోనే పెట్టుకున్నాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. తోపు ఎండిపోయిన మనిషి ఎదురుగా నిలబడి నీళ్ళ గురించి గొప్పగా అడిగినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

"మీకు కోపం రాలేదా పెదనాయనా?" అని అడిగాను.

"కోపమెందుకు? సదివింపు సదివింపే గదమ్మా. పెండ్లికి బిందె సదివిస్తాం. కాపురం సరిగా లేకపోతే బిందె ఎనక్కి తీసుకుంటామా, ఎనక్కి ఇస్తామా?" అన్నాడాయన. తర్వాత కొంచెం మొహమాటపడుతూ నా దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "అది సరే గానీ, ఆ పొద్దు ఆడ ఏం పాడినావు పాపా? నాకు సదివించింది గదా. ఏందో తెలుసుకోవాలని ఇన్నేళ్ళుగా అనుకుంటా ఉండా."

వంటలవాళ్ళ చప్పుడులో, ఆ పందిట్లోనే, మోహన రాగం ఎత్తుకుని ఆయనకు మొదటినుంచి చివరిదాకా పాడి వినిపించాను.